‘మీకెలా తెలుసు?’ అని అడిగినందుకు చదువు మానేయాలా?

ఈ వారం ఉత్తరం ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన పద్దెనిమిదేళ్ల అమ్మాయిది. పేరు, ఊరు రాయవద్దని కోరారు. ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 978 మార్కులు తెచ్చుకున్నారు. ఇంట్లో అందరూ ఇంజినీరింగ్ అన్నా ఫిజిక్స్ మీద ఇష్టంతో పట్టుబట్టి, ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే నాన్నను ఒప్పించి, ఊరికి చాలా దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల ఆనర్స్ కోర్సులో చేరారు. అక్కడ మొదటి ఏడాది సైన్సు వారూ ఆర్ట్స్ వారూ కలిసి చదవవలసిన ఉమ్మడి పేపరు ఒకటి ఉంది. చరిత్ర, సాహిత్యం, ఆర్థికశాస్త్రం, విజ్ఞానశాస్త్రం ఏ తీరున ఆలోచిస్తాయో పరిచయం చేయడం దాని ఉద్దేశం.

ఆ పేపరులో ‘కాకతీయుల కాలంలో చెరువులు ఎందుకు తవ్వించారు?’ అనే అంశం మీద ఆమె ఆరు పేజీల వ్యాసం రాశారు. ఉపశీర్షికలు పెట్టి, వాటి కింద గీతలు గీసి, చక్కని దస్తూరితో రాశానంటున్నారు. పదికి నాలుగు మార్కులు వచ్చాయి. ‘ప్రజల సంక్షేమం కోసం కాకతీయ రాజులు చెరువులు తవ్వించారు’ అన్న మొదటి వాక్యం పక్కన ఎర్ర సిరాతో ‘మీకెలా తెలుసు?’ అని రాసి ఉంది. ఆ ఆరు పేజీల్లో ఇంకే గుర్తూ లేదు.

రెండు వారాల తరువాత ల్యాబులో లోలకం ప్రయోగం. దారం పొడవు 48 సెంటీమీటర్లు, 20 డోలనాలకు 28.4 సెకన్లు. గురుత్వ త్వరణం 9.4 వచ్చింది. రావలసింది 9.8 అని తెలుసు కాబట్టి రికార్డులో 9.8 వచ్చేలా అంకెలు సర్దారు. ఇంటర్‌లో అందరూ అలాగే చేసేవారట. అధ్యాపకుడు రఫ్ పుస్తకం తెప్పించి, అందరి ముందూ ‘ఈ 9.8 ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగారు. ఆ రాత్రి ఆమె భోజనం చేయలేదు.

నగరంలో చదివి వచ్చిన గదిమిత్రురాలు తరగతిలో ఇంగ్లిషులో గలగలా మాట్లాడుతుంటే తన నోట మాట రావడం లేదని, మరో స్నేహితురాలు ‘వ్యాసాలు ఫోనులో కృత్రిమ మేధతో రాయించుకో’ అని సలహా ఇచ్చిందని, ‘అప్పుడే చెప్పాను కదా’ అని అన్నయ్య అంటున్నాడని రాశారు. ‘బట్టీ పట్టడం తప్ప నాకేమీ రాదా? ఇప్పుడే మానేసి వచ్చే ఏడాది ఎప్‌సెట్ రాయనా?’ అని అడిగారు. ఉత్తరం చివర, సంతకం పెట్టవలసిన చోట, ఒక వాక్యం ఉంది: ‘మా తాత మా ఊరి చెరువుకు నీరటిగా (పొలాలకు నీరు వదిలే మనిషిగా) పనిచేసేవాడు, అందుకే ఆ అంశం తీసుకున్నాను.’

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

‘వ్యాసం సంగతి సరే, అది ఆర్ట్స్. ల్యాబులోనూ ఇలాగే అయితే ఇక నాకు ఏది వస్తుంది?’ అన్నారు మీరు. మీకు రెండు దెబ్బలు తగిలినట్టు అనిపిస్తోంది. నాకు ఒకటే కనిపిస్తోంది. వ్యాసం దిద్దినవారు, ల్యాబు అధ్యాపకుడు వేర్వేరు మాటల్లో ఒకే ప్రశ్న అడిగారు. రెండు చోట్లా మీరు చేసింది కూడా ఒకే పని. ఎదుటివారికి ఏ జవాబు కావాలో ఊహించి దాన్ని రాశారు. మీకు కనిపించినదాన్ని పక్కన పెట్టారు.

ఇది తెలివితక్కువతనం కాదు. మీకు 978 మార్కులు తెచ్చిపెట్టిన అలవాటే ఇది. రెండేళ్లపాటు మీ ముందుకు వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు అప్పటికే ఎవరి దగ్గరో సిద్ధంగా ఉంది. దాన్ని గుర్తుంచుకుని, వేగంగా, తప్పు లేకుండా అప్పజెప్పడమే మీ పని. ఆ పని బాగా చేశారు. అందుకు కావలసిన ఓపిక, క్రమశిక్షణ చిన్నవి కావు, ఇకముందూ పనికొస్తాయి. అయితే ఇప్పుడు మీరు చేరిన చోట, ప్రశ్న అడిగినవారి దగ్గర కూడా పూర్తి జవాబు ఉండకపోవచ్చు. ఈ సంగతి మొదటి రోజే మీకు ఎవరైనా విడమరచి చెప్పి ఉండవలసింది. అందరి ముందూ నిలదీయడానికి బదులు ల్యాబు అధ్యాపకుడు మిమ్మల్ని పక్కకు పిలిచి అడిగి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన అడిగిన తీరుతో నేను ఏకీభవించను. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

ఇప్పుడు కాగితం, పెన్ను సంగతి. మీ లెక్క నేను మళ్లీ చేశాను. 20 డోలనాలకు 28.4 సెకన్లంటే ఒక్కో డోలనానికి 1.42. పొడవు 0.48 మీటర్లు. జవాబు 9.4 వస్తోంది. అంటే మీ గణితంలో తప్పు లేదు. మరి తేడా ఎక్కడిది? స్టాప్ క్లాక్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అయినా జవాబు సుమారు 0.13 మేరకే కదులుతుంది, 0.4 కదలదు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. గుండును వదిలిన క్షణాన్నే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెడతారు. అలా చేస్తే 19 డోలనాల కాలాన్ని 20తో భాగించినట్టవుతుంది, జవాబు పెరిగి 10.8 దాటుతుంది. మీది తగ్గింది కాబట్టి అదీ కాదు. ఇక అనుమానం పొడవు మీదికే పోతుంది. మీరు దారాన్ని గుండు పైనున్న కొక్కెం వరకే కొలిచారా? లోలకం పొడవంటే వేలాడే చోటు నుంచి గుండు నడిమధ్య వరకు. కొక్కెం, గుండు వ్యాసార్ధం కలిసి రెండు సెంటీమీటర్లు ఉంటే 48 ఉన్న చోట 50 ఉండాలి. వేసి చూశాను. 9.79 వచ్చింది.

చూశారా, మీరు సిగ్గుపడి దాచిన ఆ 9.4లో ఎంత సమాచారం ఉందో! ఏ పొరపాటు జరిగి ఉండవచ్చో, ఏది జరగలేదో అది చెబుతోంది. మీరు దిద్ది రాసిన 9.8 ఏమీ చెప్పదు. అది పాఠ్యపుస్తకం నుంచి వచ్చి మీ రికార్డులో కూర్చుంది, అంతే.

అయితే నేను చెప్పానని రికార్డులో 50 వేయకండి. ‘సరైన జవాబు వస్తోంది కాబట్టి పొడవు 50 అయి ఉంటుంది’ అనుకుంటే మళ్లీ పాత పనే చేసినట్టు. నాది ఊహ మాత్రమే. నేను మీ గుండును చూడలేదు. ల్యాబుకు వెళ్లి వెర్నియర్ కాలిపర్స్‌తో దాని వ్యాసం కొలవండి, కొక్కెం విడిగా కొలవండి. ఆ వ్యాసంలో సగం, కొక్కెం కలిపి రెండు సెంటీమీటర్లు రాకపోతే నా ఊహ తప్పు, ఇంకో కారణం వెతకాలి. ఏది వచ్చినా 9.4ను కొట్టివేయకుండా అలాగే ఉంచి, దాని కింద ఈ విచారణంతా రాయండి.

నేను డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ప్రాక్టికల్స్‌కు పరీక్షకురాలిగా వెళ్లినప్పుడు వరసగా నలభై రికార్డుల్లో ఒకే విలువ కనిపించేది. అది ఎలా వచ్చిందో నాకు తెలుసు. అయినా ప్రతి రికార్డు మీదా సంతకం పెట్టాను. మీకు అంటిన అలవాటులో మావంటి వారి బాధ్యత ఎంతో ఉంది. అందుకే ఈ జవాబు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక వ్యాసం. ‘ప్రజల సంక్షేమం కోసం కాకతీయ రాజులు చెరువులు తవ్వించారు’ అన్న మీ వాక్యం తప్పని ఎవరూ అనలేదు, గమనించండి. మీకెలా తెలుసు అని అడిగారు. ఆ వాక్యంలో మూడు వేరువేరు మాటలు కలిసిపోయి ఉన్నాయి: తవ్వించింది రాజులు, తవ్వించిన కారణం సంక్షేమం, ఆ సంక్షేమం అందింది ప్రజలకు. ఒక్కోదానికీ వేరే ఆధారం కావాలి.

రాజులేనా? మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం చెరువు ఉంది, మీరు పేరు వినే ఉంటారు. అక్కడి శాసనం ప్రకారం ధర్మకీర్తి సముద్రం అనే ఆ చెరువును కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాదు, గణపతిదేవుడి సేనాని. అక్కడి శాసనం 1213 నాటిది. రాజకుటుంబపు స్త్రీలు, సేనానులు, సామంతులు ఇలా ముందుకు వస్తుంటే ‘రాజులు’ అన్న ఒక్క మాట చాలుతుందా?

సంక్షేమం కోసమేనా? చెరువు తవ్వించడాన్ని కొడుకును కనడంతో సమానమైన పుణ్యంగా లెక్కించే సప్తసంతానాల భావన ఆ కాలంలో బలంగా ఉంది. చెరువు తవ్వించినవారికి దాని కింది ఆయకట్టులో కొంత హక్కు దక్కే దశబంధం అనే ఏర్పాటూ ఉంది. మెట్ట మాగాణిగా మారితే పన్ను రాబడి పెరుగుతుంది. కొత్తగా పైకి వచ్చిన వీరుడికి చెరువు పేరు తెస్తుంది. పుణ్యం, రాబడి, హక్కు, పేరు, వీటితోపాటు నిజంగానే జనం మీద దయ కూడా ఉండవచ్చు. చెరువుల వల్ల మేలు జరిగింది కాబట్టి మేలు కోసమే తవ్వించారనడం ఫలితాన్ని చూసి ఉద్దేశాన్ని తేల్చడమే. శాసనం వేయించినవారు తమ గురించి తాము మంచిగానే చెప్పుకుంటారన్నది కూడా మరిచిపోకూడదు. మట్టి మోసిన వారు శాసనం వేయించలేదు. వారి మాట మనకు ఎక్కడ దొరుకుతుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర నేనూ ఆగిపోతాను.

ఇదంతా ఎక్కడినుంచో దిగుమతి అయిన చదువు అని అనుకోకండి. మన న్యాయదర్శనం, అంటే ప్రాచీన తర్కశాస్త్రం, వాదానికి ఐదు అవయవాలు చెప్పింది. ‘కొండ మీద నిప్పు ఉంది’ అనడం ప్రతిజ్ఞ. ‘ఎందుకంటే పొగ కనిపిస్తోంది’ అన్నది హేతువు. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందనడానికి వంటింటి పొయ్యి ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉందనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉందని తేల్చడం నిగమనం. మీ ఆరు పేజీలు నేను చూడలేదు కానీ, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అన్నీ ప్రతిజ్ఞలే ఉన్నట్టున్నాయి, హేతువు ఒక్కటీ లేదు. పూర్వపక్షం అన్న మాట కూడా మనదే. నీ మాట నిలబెట్టుకునే ముందు నిన్ను కాదనేవాడి మాటను అతడే మెచ్చుకునేంత చక్కగా చెప్పాలన్నది ఆ పద్ధతి. లేకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న చందంగా ఉంటుంది.

మీ ఉమ్మడి పేపరు ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకు అర్థమవుతుందనుకుంటాను. చెరువు ఒకటే. తూము ఎంత వెడల్పు ఉంటే ఎన్ని ఎకరాలకు నీరు పారుతుందని ఇంజినీరు అడుగుతాడు. గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది కదా, మరి కరువు ఏట పై ఊరివాళ్లు నీళ్లు ఆపుకుంటే ఏం జరుగుతుందని ఆర్థికశాస్త్రం అడుగుతుంది. పూడిక మట్టి పొలానికి నిజంగా బలమిస్తుందా అని రసాయనశాస్త్రం అడుగుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మీ ఊళ్లోనూ ట్రాక్టర్లతో ఆ మట్టిని తోలుకుపోయే ఉంటారు. చెరువును సముద్రమని పొగిడిన శాసనంలో ఎంత వర్ణన, ఎంత వాస్తవం అని సాహిత్యం అడుగుతుంది. ఒక్కో శాస్త్రం నమ్మే ఆధారం వేరు, కొలిచే పరికరం వేరు, తప్పు పట్టుకునే ఉపాయం వేరు. ఆధారం చూపమనడం మాత్రం అన్నిటికీ ఉమ్మడి.

ఈ గోడలు దాటినవారూ ఉన్నారు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి (1907–1966) గణిత ఆచార్యుడు. చేతులు మారేకొద్దీ నాణెం అరిగి బరువు తగ్గుతుంది కదా అని ఆయన ప్రాచీన విద్ధాంక నాణేలను (గుర్తులు అచ్చొత్తిన నాణేలను) ఒక్కొక్కటిగా తూచి, గణాంకశాస్త్రం సాయంతో ఏవి ముందువో ఏవి తరువాతివో తేల్చడానికి పూనుకున్నాడు. ఆ అరుగుదల ఊహ నిలుస్తుందో లేదో చూడటానికి తన కాలంలో చెలామణీలో ఉన్న నాణేలను కూడా తూచాడు. లోలకం లెక్క తెలిసిన పిల్లకు చరిత్ర పరాయిది కాదని చెప్పడానికి ఇది రాశాను.

గదిమిత్రురాలి గురించి ఎక్కువ చెప్పను. గలగలా మాట్లాడటం ఒక నేర్పు, అది మీకూ నెమ్మదిగా వస్తుంది. కానీ తరగతిలో ఎవరు ఏది చెప్పినా మనసులో ‘వీరికెలా తెలుసు?’ అని అడిగి చూడండి. కొన్ని ధారాళమైన మాటల కింద కూడా హేతువు కనిపించదు. మీరు ముందు తెలుగులోనే ఆలోచించి, తెలుగులోనే చిత్తు రాసుకోండి. ఇంగ్లిషులోకి మార్చడం తరువాతి పని. ఆలోచన, భాష అనే రెండు బరువులు ఒకేసారి ఎత్తుతున్నారు కాబట్టే నోట మాట రావడం లేదు. కృత్రిమ మేధతో రాయించుకోవడం సంగతి: బహుశా ఆరు మార్కులు వస్తాయి. రేపు అధ్యాపకురాలు ఎదురుగా కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగితే మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. దొరికితే మార్కులతో పోదు. దొరకకపోతే ఇంకా నష్టం, ఎందుకంటే 9.8 రాసే అలవాటు ఇంకో నాలుగేళ్లు బలపడుతుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, మానేయాలా అని. ఆ నిర్ణయం మీదే. నాకు కనిపించే దారులు, వాటి ఖర్చులు చెబుతాను.

మానేసి ఎప్‌సెట్ రాయడంలో తప్పేమీ లేదు. ఒక ఏడాది పోతుంది, ఇప్పటికే కట్టిన ఫీజు, హాస్టల్ డబ్బు పోతాయి. ఇంట్లో కొన్నాళ్లు శాంతి ఉంటుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఇంజినీరింగ్ మీద కోరికతో వెళుతున్నారా, ఎర్ర సిరాకు భయపడి వెళుతున్నారా? కోరికతో అయితే వెళ్లండి, నేను అడ్డు చెప్పను. భయంతో అయితే, అదే ప్రశ్న అక్కడ ప్రాజెక్టు రోజునో ఉద్యోగం ఇంటర్వ్యూలోనో ఎదురవుతుంది, అప్పటికి మీరు ఇంకా పెద్దవారై ఉంటారు, సర్దుకోవడం ఇంకా కష్టం.

ఏడాది పూర్తి చేసి అప్పుడు నిర్ణయించుకోవడం ఇంకో దారి. 2020 జాతీయ విద్యావిధానాన్ని అమలు చేస్తున్న చోట ఏడాది చదివి బయటికి వస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్ ఇస్తారు. మీ విశ్వవిద్యాలయంలో ఆ వెసులుబాటు ఎంతవరకు ఉందో పరీక్షల విభాగంలో రాతపూర్వకంగా కనుక్కోండి, సీనియర్ల మాట మీద ఆధారపడకండి. ఈ దారిలో ఉన్న కష్టం ఏమిటంటే, ఏడాదంతా ఒక కాలు బయట పెట్టుకుని చదివితే ఏ పేపరూ మనసుకు ఎక్కదు.

మూడోది, ఉండిపోయి చదువు తీరు మార్చుకోవడం. మొదటి రెండు సెమిస్టర్లలో మార్కులు తక్కువగానే ఉంటాయి, దానికి సిద్ధపడాలి. 978 చూసిన కళ్లకు పదికి ఆరు కూడా అవమానంగా తోస్తుంది. ఉపకారవేతనానికి ఇన్ని మార్కులు రావాలనే షరతు మీకు ఉంటే అది ముందే చూసుకోండి, ఈ దారిలో అదొక్కటే నిజమైన ప్రమాదం. ఉండాలనుకుంటే మొదటి మెట్టు చిన్నదే. వ్యాసం పట్టుకుని అధ్యాపకురాలి గదికి వెళ్లండి. మార్కులు పెంచమని అడగవద్దు. ‘ఈ వాక్యానికి ఆధారం ఎక్కడ వెతకాలి?’ అని అడగండి. ఆరు పేజీలు చదివి ఒకే ఒక్క ప్రశ్న రాసినవారు, ఆ ప్రశ్న పట్టుకుని వచ్చిన విద్యార్థిని పంపించివేస్తారని నేను అనుకోను.

ఏ దారి పట్టినా నాన్నకు నిజం చెప్పండి. నాలుగు మార్కుల సంగతి అన్నయ్య ద్వారా తెలియడం కన్నా మీ నోటి నుంచి వినడం ఆయనకు మంచిది. టికెట్ల డబ్బుకూ చేతిలోని నగదుకూ రోజూ లెక్క అప్పజెప్పే మనిషి ఆయన. లెక్క తేలకపోతే తేలినట్టు రాయకూడదన్న సంగతి ఆయనకు మనందరికన్నా బాగా తెలుసు. 9.4 కథ పూర్తిగా చెప్పి చూడండి.

చివరగా మీ తాతగారు. చెరువుల మీద ఆరు పేజీలు రాశారు, అందులో ఆయన గురించి ఒక్క వాక్యమైనా ఉందా? తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో, కరువు ఏట తగవు వస్తే ఎలా తీర్చాలో తెలిసిన మనిషి మీ ఇంటివాడే. ఆయన ఇప్పుడు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చెరువు కట్ట మీద పక్కన కూర్చుని అడగండి. లేకపోతే ఆయనతో పనిచేసినవారిని వెతకండి. గడియారం లేని రోజుల్లో నీటి వంతును దేనితో కొలిచేవారు? చివరి మడి ఎవరిది, వారికి నీరు అందేదా? తూము మీద ఆయన మాట చెల్లేదా, పెద్ద రైతుల మాట చెల్లేదా? ఆయన చెప్పేది ఆయన కాలపు చెరువు గురించి. దాన్ని తీసుకెళ్లి పదమూడో శతాబ్దానికి అతికించకూడదు. కానీ శాసనాలను ఏమేమి అడగాలో ఆ మాటలు మీకు చూపిస్తాయి. ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్లండి. ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రాసుకోండి, ఎడమ పేజీ ఖాళీగా వదలండి, మీకు వచ్చే అనుమానాలు అక్కడ రాయండి.